పదిన్నరకి పచ్చగుర్తు

ఆ వేసవిలో మా కాగితం మిల్లుని ఇరవై ఒక్క రోజులని ఆపారు. ఏటా ఆగేదే. సంవత్సరమంతా తెరిపి లేకుండా తిరిగిన యంత్రాలను విప్పి, కడిగి, అరిగిన వాటిని మార్చి, మళ్లీ బిగించే రోజులవి. మొత్తం నాలుగు వందల పన్నెండు పనులు. ఏ పని ఎవరు చేయాలి, ఎప్పటికి ముగించాలి, దేని తర్వాత ఏది మొదలవ్వాలి, ఇవన్నీ కంప్యూటర్లో పేర్చి పెట్టడమే నా ఉద్యోగం.

మిల్లులో దాన్ని లిస్టు అనేవాళ్లం. ఒక పని పూర్తయితే తప్ప రెండోది మొదలుపెట్టకూడదంటే ఆ రెండింటి మధ్య ఒక గీత గీస్తాను. ముందు పని ఆలస్యమైతే దాని వెనక పని గడువు కూడా దానంతటదే వెనక్కి జరుగుతుంది. ముందు పని పూర్తయిందని నమోదైతేనే వెనక పనివాళ్ల ఫోన్లో పచ్చగుర్తు వస్తుంది. ముందు గీత లేని పనికైతే దాని టైము రాగానే వస్తుంది. అంతకుముందు సంతకాల కాగితాలుండేవి. ఆ ఏడాదే వాటిని ఎత్తేశారు. పచ్చగుర్తు వస్తే దిగు, రాకపోతే ఆగు. ఆఫీసులో మేం ఆ గీతని లింకు అనేవాళ్లం. నిదానం బాబాయ్ మాత్రం ముడి అనేవాడు.

ఆయన మా అన్నయ్యకి జోడీ. ఇద్దరూ వెల్డర్లు. బిగించిన నట్టుని మళ్లీ విప్పి చూసుకుని బిగించే రకం కాబట్టి ఆ పేరు పడింది. చుట్టరికం ఏమీ లేదు. అన్నయ్య మొదటి రోజు నుంచీ బాబాయ్ అన్నాడు, నేనూ అన్నాను, అలా ఆయన భార్య మాకు పిన్ని అయింది. మిల్లు ఆగిన రోజుల్లో పొద్దున్నే వచ్చి అన్నయ్యని స్కూటరు మీద ఎక్కించుకుపోయేవాడు. ఆ పది నిమిషాలూ మా వదినకి పండగ. ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టేది, కుడుతూనే మాట్లాడేది.

"మా ఆడపడుచు నిన్న నాకూ ఓ పని పెట్టింది మావయ్యగారూ. 'వదిన కోపం తగ్గించుకోవాలి, గడువు శుక్రవారం' అని."

"దానికి ముందు ముడి ఏం వేసింది?" అన్నాడు ఆయన టీ ఊదుకుంటూ.

"మా ఆయన చెప్పిన మాట వినాలని."

"అయితే నీ కోపానికి గడువు లేదమ్మా. హాయిగా ఉండు."

అన్నయ్య బూట్లు తొడుక్కుంటూ, "మీరిద్దరూ నవ్వుకోవడం అయితే పచ్చగుర్తు ఇవ్వండి, వెళ్దాం," అన్నాడు. నలుగురం నవ్వాం. ఆ నవ్వు చిన్నదే, కానీ ఆ ఇంట్లో అందరం కలిసి నవ్విన ఆఖరి నవ్వు అదేననుకుంటాను. ఆ తర్వాతది ఇంకేదీ గుర్తుకు రావడం లేదు.

తొమ్మిదో రోజు, మంగళవారం, పెద్దసారు నన్ను గదిలోకి పిలిచాడు. ప్లానింగ్ అంతా ఆయన కిందే. బల్ల మీద నేనిచ్చిన కాగితం ఉంది. చివర ఎర్రగా ఒక తేదీ. ఇరవై ఒకటో రోజున తిరగాల్సిన మిల్లు ఇరవై మూడో రోజున గానీ తిరగదని లిస్టు చెబుతోంది.

"ఏంటిది?"

"బాయిలర్ దగ్గర ఆలస్యమైంది సార్. అక్కణ్ణుంచి ఒకదాని వెనక ఒకటి జరుగుతూ వచ్చాయి."

"అది నాకూ కనిపిస్తోందమ్మా. ఈ రెండు రోజులూ ఎక్కడ తగ్గిస్తావు?"

"చూస్తాను సార్."

"చూడు. ఎక్కడ, ఎలా అనేది నేనడగను. సాయంత్రానికి నాకు ఇరవై ఒకటి కనిపించాలి."

నా బల్ల దగ్గరికొచ్చి ఆ రెండు రోజుల్నీ వెతికాను. ఎటు నుంచి వచ్చినా నాలుగో ట్యాంకు దగ్గరే ఆగుతోంది. అది గుజ్జు నిలవుంచే ట్యాంకు. లోపల గుజ్జుని కలిపే పెద్ద రెక్క ఒకటి విరిగింది, మనిషి దిగి అతకాలి. అడుగున మిగిలిపోయిన గుజ్జు ఎండలకి కుళ్లితే విషవాయువు పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కుకి ఆ వాసన కూడా తెలియదు. అందుకని ట్యాంకుని ఖాళీ చేసి, కడిగి, గాలి ఆడనిచ్చి, మీటరుతో పరీక్ష చేశాకే మనిషి దిగాలి. మీటర్లు రెండు. ఒకటి రిపేరుకి వెళ్లింది. మిగిలిన ఒక్క మీటరు పట్టుకుని ఒకే మనిషి మిల్లంతా తిరుగుతున్నాడు. బాయిలర్ దగ్గర ఆయన ఆలస్యమైతే నాలుగో ట్యాంకు ఆలస్యం, నాలుగో ట్యాంకు ఆలస్యమైతే మొత్తం ఆలస్యం.

గాలి పరీక్షకీ, మనిషి దిగడానికీ మధ్య ఉన్న లింకు తీసి చూశాను. ఊరికే, ఏమవుతుందోనని. చివరి తేదీ ఎరుపు పోయి ఇరవై ఒకటికి వచ్చి కూర్చుంది.

ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. ఇది చెప్పుకోవాలి. తేలిగ్గా అనిపించింది, చాలాసేపటి నుంచి బిగుసుకున్న డబ్బా మూత ఊడినట్టు. పరీక్షని గురువారం పొద్దున తొమ్మిదికి పెట్టాను. దిగడం పదిన్నరకి. లింకు మళ్లీ వేస్తే బాయిలర్ దగ్గర ఏ కాస్త ఆలస్యమైనా చివరి తేదీ మళ్లీ ఎర్రబడుతుంది. మధ్యలో గంటన్నర ఉంది కదా, గీత లేకపోతే ఏం, వరస ఎలాగూ వరసే, అనుకున్నాను. లిస్టుని అలాగే భద్రం చేశాను.

పెద్దసారు కాగితం చూసి, "చూశావా, చేయాలనుకుంటే ఎంత పని!" అన్నాడు. ఏం చేశావని అడగలేదు. ముందే చెప్పాడుగా అడగనని.

సాయంత్రం ఇంట్లో నేనే గొప్పగా చెప్పుకున్నాను. "రెండు రోజులు తగ్గించానన్నయ్యా."

"మా చిట్టి అంటే ఏమనుకున్నారు మరి," అని అన్నయ్య వదిన వైపు చూసి కాలరు ఎగరేశాడు.

గురువారం పొద్దున మిల్లు ఆవరణలో నిదానం బాబాయ్ ఎదురుపడ్డాడు. భుజాన తాడు చుట్ట, చేతిలో హెల్మెట్.

"నాలుగోదానికి మీటరాయన వస్తాడా అమ్మా?"

"తొమ్మిదికే పెట్టాను బాబాయ్."

"అయితే సరే," అని వెళ్లిపోయాడు.

మీటరాయన తొమ్మిదికి రాలేదు. బాయిలర్ లోపల ఇంకో మూల చూడమంటే అక్కడే ఉండిపోయాడు. పరీక్ష టైము పదకొండుకి మారింది, తర్వాత పన్నెండుకి మారింది. అది అలా వెనక్కి పోతున్నట్టు నా కంప్యూటర్లో కనిపిస్తూనే ఉంది. కానీ అప్పుడు నేను వేరే పేజీలో పంపుల లెక్కలు చూసుకుంటున్నాను. లింకు ఉండుంటే మనిషి దిగే టైము కూడా దాంతోపాటు జరిగేది. లింకు లేదు. పదిన్నర పదిన్నరగానే ఉండిపోయింది. పదిన్నరకి అన్నయ్య ఫోన్లో, బాబాయ్ ఫోన్లో పచ్చగుర్తు వచ్చింది.

సైరన్ పదీ నలభైకి మోగింది.

నేను వెళ్లేసరికి ట్యాంకు మూత చుట్టూ జనం. అన్నయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరు ఫిట్టర్లు వెనక నుంచి అతని చంకల కింద చేతులు వేసి పట్టుకున్నారు. ముందు అతన్ని ఓదారుస్తున్నారనుకున్నాను. కాదు, లోపలికి దూకకుండా ఆపుతున్నారు. బాబాయ్ నడుముకి కట్టిన తాడు లోపల విరిగిన రెక్కకి చుట్టుకుపోయింది. పైనుంచి ఎంత లాగినా రాలేదు. తాడు రెండో కొస అన్నయ్య అరచేతికి చుట్టే ఉంది. ఆ చేతి నుంచి రక్తం కారుతోంది, అతనికి తెలియడం లేదు.

ఆక్సిజన్ సిలిండర్లు తగిలించుకున్న ఇద్దరు దిగి ఆయన్ని పైకి తేవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత తొందరేమీ లేకపోయింది.

అన్నయ్యని సస్పెండ్ చేశారు. పరీక్ష అయిందో లేదో చూసుకోకుండా మనిషిని దింపాడని, పైన ఉన్నవాడిదే బాధ్యతని. విచారణకి బయటి నుంచి ముగ్గురు వస్తారన్నారు. మిల్లులో పని మాత్రం ఆగలేదు, నాలుగో ట్యాంకుని పక్కన పెట్టి మిగతా పనులు సాగించారు.

రెండో రోజు పెద్దసారు నా బల్ల దగ్గరికే వచ్చాడు. అలా రావడం అదే మొదటిసారి.

"లిస్టులో ఏదో తేడా వచ్చినట్టుంది. కంప్యూటర్ అన్నాక వస్తాయి. ఎవరైనా అడిగితే నాకు తెలియదను. అంతకంటే ఎక్కువ మాట్లాడకు. నీ మంచికే చెబుతున్నా."

తల ఊపాను. ఊపిన తలని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

గడువు దాటిన పనులు లిస్టులో పైకి వస్తాయి. రోజూ పొద్దున్నే కంప్యూటర్ తెరవగానే మొదటి వరసలో అదే. 'నాలుగో ట్యాంకు గాలి పరీక్ష. గడువు దాటి ఒక రోజు.' మర్నాడు రెండు. తర్వాత మూడు. దాన్ని అక్కణ్ణుంచి తీసేయాలంటే పూర్తయిందని నొక్కాలి. పూర్తి కాలేదుగా. నా చెయ్యి రాలేదు. కింద ఇంకా చాలా పనులు బాబాయ్ పేరు మీదే ఉన్నాయి. వాటిని వేరే వాళ్ల పేరుకి మార్చమని రెండుసార్లు చెప్పారు, రేపు మారుస్తానన్నాను. మధ్యాహ్నం పూట ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు నా కుర్చీ వెనక ఎవరో నిలబడి, నేను చదువుతున్న వరస తనూ చదువుతున్నట్టు ఉండేది. తిరిగి చూసేదాన్ని కాదు. ఎవరూ ఉండరని తెలుసు. ఒకవేళ ఉంటే ఏం అడుగుతాడో కూడా తెలుసు.

ఇంట్లో అంతకంటే కష్టం. అన్నయ్య పొద్దున్నే స్నానం చేసి, బట్టలు వేసుకుని, బూట్లు తొడుక్కుని కుర్చీలో కూర్చునేవాడు. స్కూటరు చప్పుడు కోసం చూస్తున్నట్టు. తొమ్మిది దాటాక బూట్లు విప్పేసేవాడు. వదిన మిషన్ ముందు కూర్చునేది గానీ కుట్టేది కాదు. భోజనం ముందు పెడితే రెండు ముద్దలు తిని చేయి కడుక్కునేవాడు. మధ్యాహ్నం కాసేపు కునుకు తీస్తే నిద్రలో మాట్లాడేవాడు. ఓ ఆదివారం గుమ్మంలో నిలబడి నేను విన్నాను.

"వచ్చుంటాడులే బాబాయ్. లేకపోతే పచ్చ రాదు కదా."

అదొక్క మాటే. మళ్లీ మళ్లీ.

వదినే నాకు మొత్తం చెప్పింది. ఆ రోజు పచ్చగుర్తు రాగానే బాబాయ్, మీటరాయన వచ్చి వెళ్లాడా అని అడిగాడట. ట్యాంకు దగ్గర ఎవరూ లేరు. అన్నయ్య ఫోన్ చూసి ఆ మాట అన్నాడట. అది విని ఆయన దిగాడట.

"ఆయన అడిగాడు కదా, నేను కదా దిగమన్నాను, అంటాడు," అంది వదిన. "పచ్చ రావడానికి నీదా తప్పు అంటే, పచ్చ తప్పు చెప్పదే, అది మా చెల్లి పెట్టిన లిస్టు, నేనే ఏదో చూసుకోలేదు, అంటాడు. ఎలా నచ్చజెప్పను చెప్పు?"

సగం తిన్న కంచం పట్టుకుని లేచాను.

గడువు దాటి పద్నాలుగు రోజులైన నాడు మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చేశాను. మిల్లు అప్పటికి తిరుగుతోంది. ఇరవై ఒకటో రోజున కాదు, ఇరవై నాలుగో రోజున మొదలైంది. అన్నయ్య పెరట్లో కొళాయి దగ్గర గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కట్టు విప్పేశాడు, అరచేతిలో తాడు కోసిన గీత ఇంకా ఎర్రగా ఉంది.

"అన్నయ్యా, ఆ రోజు పచ్చ ఎందుకొచ్చిందో నాకు తెలుసు."

అతను తలెత్తలేదు.

"పరీక్షకీ దిగడానికీ మధ్య లింకు నేనే తీసేశాను. రెండు రోజులు తగ్గించానని చెప్పాను చూడు, అది అదే."

కొళాయి నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. అన్నయ్య చెయ్యి చాచి దాన్ని బిగించాడు.

"ఎప్పుడు తీసేశావు?"

"మంగళవారం."

"మంగళవారం," అన్నాడు. ఆ రోజు తాను ఎక్కడున్నాడో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. "మంగళవారం మేం మూడో ట్యాంకులో ఉన్నాం. బాబాయ్ పాట పాడాడు. లోపల గొంతు బాగా మోగుతుందిలే అని."

నేను ఏడుస్తున్నాను. అతను నా వైపు చూడలేదు.

"పిన్నికి చెప్పావా?"

"లేదు."

"మరి ముందు నాకెందుకు చెప్పావు?"

అతను లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గట్టిగా కాదు, మామూలుగా.

అప్పుడే బయల్దేరి పిన్ని ఇంటికి వెళ్లాను. తాళం ఉంది. అక్కగారింటికి వెళ్లిందని, నెలాఖరుకి గానీ రాదని పక్కింటామె చెప్పింది. మర్నాడే విచారణ మొదలైంది.

పొడవాటి బల్లకి అటువైపు ముగ్గురు. ఇటువైపు పెద్దసారు, నేను. కంప్యూటర్లో ఏదో లోపం ఉన్నట్టుందని పెద్దసారు చెప్పాక నన్ను అడిగారు. చేసింది చెప్పాను. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ లింకు. తీసినవాళ్ల పేరు లిస్టు తనలోనే దాచుకుంటుంది, దాన్ని తెరిచి చూపించాను.

వాళ్లలో పెద్దాయన అడిగాడు. "అలా చేయమని మీకు ఎవరైనా చెప్పారా?"

పక్కన పెద్దసారు ఊపిరి ఆపుకోవడం నాకు వినిపించింది.

"రెండు రోజులు తగ్గించమన్నారు. ఎక్కడ తగ్గించాలో నేనే చూసుకున్నాను."

నా ఉద్యోగం పోయింది. పెద్దసారుని వేరే మిల్లుకి మార్చారు. కాగితాల మీద సంతకాలు మళ్లీ వచ్చాయి. అన్నయ్య సస్పెన్షన్ ఎత్తేశారు గానీ అతను తిరిగి వెళ్లలేదు. ఊరికి అటు చివర గేట్లు, కిటికీ చువ్వలు చేసే షాపులో చేరాడు. అక్కడ దిగాల్సినవేమీ ఉండవు.

మొదటి వాన పడిన వారంలోనే వాళ్లు ఇల్లు మారారు. అన్నయ్య సామాను బండితో ముందే వెళ్లిపోయాడు. వదిన కుట్టుమిషన్ కోసం మళ్లీ వచ్చింది. నేనూ ఒక పక్క పట్టుకుని ఆటో ఎక్కించాను.

"కోపం కాదే," అంది వదిన, నా మొహం చూడకుండా. "చెప్పకుండా ఉండుంటే ఆయన పిచ్చివాడైపోయేవాడు. అది నాకు తెలుసు. కానీ నువ్వు ఎదురుగా ఉంటే ముద్ద దిగడం లేదు ఆయనకి. కొన్నాళ్లు పోనీ."

ఆటో కదిలాక చెయ్యి బయటికి పెట్టింది. ఊపిందో, వాన పడుతోందో లేదో చూసుకుందో నాకు తెలియలేదు.

పిన్ని వచ్చిందని తెలిసి వెళ్లాను. ఆ సాయంత్రం వాన లేదు, నేల మాత్రం తడిగా ఉంది. ఆమె వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కన ఇంకో పీట వేసింది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. విచారణ సంగతి ఆమెకి ముందే చేరింది. అయినా మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నది.

"కూర్చో," అంది.

కూర్చున్నాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

"ఆ రోజు ఆయనకి ఇంకా ఏం పనులున్నాయి?"

నాకు అర్థం కాలేదు.

"లిస్టు నువ్వే కదా రాసింది. ఆ ట్యాంకు పని అయ్యాక ఇంకేం చేసేవాడు?"

నాకు కంఠతా వచ్చు. ఎన్ని రోజులు చూశానో ఆ వరసల్ని.

"పన్నెండున్నర దాకా రెక్క అతకడం. తర్వాత భోజనం."

"క్యారేజీ అలాగే తిరిగొచ్చింది. మూత కూడా తీయలేదు," అంది. "తర్వాత?"

"ఒంటిగంటకి రెండో పంపు దగ్గర పైపు అతుకు. గంట పని."

"గంటలో ఎక్కడవుతుంది ఆయనకి? గంటన్నర వేసుకో."

నేను వేసుకున్నాను. వేళ్ల మీద లెక్కపెట్టి, "అయితే రెండున్నర అవుతుంది పిన్నీ," అన్నాను. "తర్వాతది కూడా అరగంట వెనక్కి జరుగుతుంది. గోడవారన మెట్ల కమ్మీ ఒకటి ఊగుతోంది, దాన్ని బిగించాలి. అదీ గంట పని."

"బిగించి ఊరుకోడు. మిగతా మెట్లు కూడా ఎక్కి దిగి చూస్తాడు."

"అది ఇంకో అరగంట. నాలుగు. అక్కణ్ణుంచి సామాను స్టోరులో అప్పగించాలి."

"ఒక్కోటీ తుడిచి ఇస్తాడు."

"అయితే నాలుగున్నర కాదు, ఐదు అవుతుంది."

"చేతులు కడుక్కోవాలి, మీ అన్నయ్యని ఇంటి దగ్గర దింపాలి. అక్కడ ఓ టీ," అని ఆమె నా వైపు చూసింది. మొదటిసారి ఆమె కళ్లలో నీళ్లు కనిపించాయి, కానీ గొంతు మామూలుగానే ఉంది. "అన్నీ కలిపితే ఇంటికొచ్చేసరికి ఎంతవుతుంది?"

"ఆరు, పిన్నీ."

"ఆరు," అంది.

క్షమించానని అనలేదు. వెళ్లమనీ అనలేదు. లోపల గోడ గడియారం ఐదూ ముప్పావు చూపిస్తోంది. ఆమె వీధి వైపు తిరిగి కూర్చుంది. నేనూ తిరిగాను. ఆరు దాటేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.